180 లీటర్ల లెక్క

పెద్దవాళ్ల ఒంట్లో నెత్తురు సుమారు 5 లీటర్లు. అందులో కణాలను తీసేస్తే మిగిలే ప్లాస్మా 3 లీటర్లు. కిడ్నీలు రోజుకు వడగట్టేది మాత్రం 180 లీటర్లు! ఉన్న ప్లాస్మానే తిప్పితిప్పి 60 సార్లు వడపోస్తాయన్నమాట. తీరా బయటికి పోయే మూత్రం లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు. మిగతా 178 ఏమైనట్టు?

కిడ్నీ మలినాలను ఏరి పారేస్తుందని బడిలో చదువుకున్నాం. ఏరడం నిజమే గాని, అది ఏరేది ఎక్కువగా మంచివాటిని. భోగికి ముందు ఇల్లు దులుపుతూ సామానంతా వాకిట్లో పెట్టేసి, పనికొచ్చేవి మాత్రమే లోపలికి తెచ్చుకుంటామే, అదీ పద్ధతి. ఇందులో గొప్ప వెసులుబాటు ఉంది. ఫలానాది చెడ్డదని కిడ్నీకి ముందుగా తెలిసి ఉండనక్కర్లేదు. లోపలికి తీసుకునేవాళ్లు లేకపోతే చాలు, చాలామట్టుకు దానంతటదే పోతుంది.

ఇంత పనీ జరిగేది నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరోపక్క, పేగుల వెనకాల. ఒక్కో కిడ్నీ నాలుగంగుళాల పైచిలుకు పొడవు, సుమారు 150 గ్రాముల బరువు. పైన కాలేయం ఉండడంతో కుడివైపుది కాస్త కిందికి ఉంటుంది. రెండూ కలిపి ఒంటి బరువులో అర శాతం కూడా తూగవు. అయినా గుండె తోడే రక్తంలో ఐదోవంతు వీటికే వెళుతుంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తకేశనాళికల చుట్ట, దాన్ని కప్పుతూ బౌమన్ గుళిక, దాని వెంట మెలికలు తిరిగిన పొడవాటి నాళం. రక్తపోటు తోపుకి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా గుళికలోకి దిగిపోతాయి. కణాలు, పెద్ద ప్రొటీన్లు రక్తంలోనే ఆగిపోతాయి.

ఈ గుళికను 1842లో వర్ణించిన విలియం బౌమన్ దీని పనిని ఇలా ఊహించలేదు. చుట్ట నీళ్లు వదులుతుందని, యూరియా వంటివాటిని నాళం గోడలు ఊరుస్తాయని అనుకున్నాడు. కాదు, చుట్ట దగ్గర జరిగేది వడపోతేనని జర్మనీలో కార్ల్ లుడ్విగ్ వాదించాడు. ఈ తగవును 80 ఏళ్ల తర్వాత ఓ కప్ప తీర్చింది. 1924లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వెర్న్, ఏ.ఎన్. రిచర్డ్స్ వెంట్రుక లాంటి గొట్టంతో కప్ప కిడ్నీలోని గుళిక నుంచే ద్రవం తీశారు. అందులో చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలో చూస్తే లేదు. దారిలో ఎవరో దాన్ని వెనక్కి తీసుకున్నారు! నా మటుకు శరీరధర్మశాస్త్రంలో ఇంత ముచ్చటైన ప్రయోగాలు తక్కువ.

ఆ వెనక్కి తీసుకోవడం ఏ స్థాయిలో జరుగుతుందో చూడండి. రోజూ దాదాపు కిలోన్నర ఉప్పు నాళాల్లోకి దిగుతుంది, కొన్ని గ్రాములు తప్ప అంతా తిరిగి రక్తంలో చేరుతుంది. చక్కెర 180 గ్రాములు దిగితే దాదాపు అంతా వాపసు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే మాత్రం నాళం గోడల శక్తి చాలదు, మిగిలింది మూత్రంలో పోతుంది. మధుమేహం ఉన్నవాళ్ల మూత్రానికి చీమలు పట్టడం అందుకే. ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం సరిగ్గా ఈ వాపసునే అడ్డుకుంటుంది. దాని నమూనాపై తయారైనవే నేడు డాక్టర్లు మధుమేహానికి రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు.

నీటిని ఎంత దాచుకోవాలో తేల్చేది నాళం మధ్యలో వెనక్కి వంగే హెన్లీ శిక్యం, దాని తర్వాతి నాళాలు. కిడ్నీ లోపలి పొరను అవి ఉప్పుతో, యూరియాతో గాఢంగా ఉంచుతాయి. మెదడు కింది పిట్యూటరీ నుంచి వాసోప్రెసిన్ రాగానే చివరి నాళాలు నీటిని ఆ గాఢతలోకి వదిలేస్తాయి. అప్పుడు మూత్రం రక్తం కంటే నాలుగింతలు చిక్కబడగలదు. మద్యం ఈ హార్మోనును అణచేస్తుంది. తాగినవాళ్లు మూత్రానికి మాటిమాటికీ లేవడంలో వింతేమీ లేదు.

అక్కణ్నుంచి కిందిది రవాణా వ్యవహారమే. పాతిక సెంటీమీటర్ల మూత్రనాళాలు అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని తోస్తాయి. రాయి అడ్డుపడ్డప్పుడు ప్రాణం తోడేసే నొప్పికి ఆ ముడుచుకోవడమూ ఒక కారణం. మూత్రాశయంలో 200 మిల్లీలీటర్లు చేరేసరికి కబురందుతుంది, 400 దాటితే ఆపుకోవడం కష్టం. మూత్రాశయం నుంచి బయటికి పోయే దారి, అంటే ప్రసేకం, ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే కాబట్టి సూక్ష్మజీవులకు దారి దగ్గర.

వాపసు తీసుకునే నాళాలే దెబ్బతింటే ఎలా ఉంటుందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కూలీలు, రైతులు మధుమేహం, అధిక రక్తపోటు లేకుండానే కిడ్నీలు పోగొట్టుకుంటున్నారు. ఈ జబ్బు ముందు పట్టుకునేది వడపోత చుట్టలను కాదు, నాళాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ. అందుకే తొలిదశలో చాలామంది మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనిపించదు, మామూలు మూత్రపరీక్ష అంతా బాగుందనే చెబుతుంది. రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మలినాన్ని వెనక్కి తీసుకునే ద్వారమే నాళంలో లేదు కనుక వడపోత తగ్గితే అది రక్తంలో పోగవుతుంది. కాకపోతే సగం పని పడిపోయేదాకా ఆ అంకె పెద్దగా కదలదు. తాగే నీరు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, ఒళ్లునొప్పులకు మింగే మాత్రలు అన్నింటిమీదా అనుమానాలున్నాయి, ఏదీ రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం కూడా వచ్చింది.

జబ్బు ముదిరితే డయాలసిస్ తప్పదు. సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు. కిడ్నీలు రేయింబవళ్లు చేసేది యంత్రం ఆ కాస్త సమయంలో చేయాలి. అది వడగట్టగలదు గాని, ఏ పూటకు ఎంత నీరు, ఎంత ఉప్పు ఉంచుకోవాలో గంటగంటకూ తేల్చే నాళాలు దానికి లేవు. ఎర్రకణాలు తయారుచేయమని మజ్జకు చెప్పే ఎరిత్రోపొయెటిన్‌ను కూడా అది ఇవ్వలేదు. దాన్ని సూదిమందుగా వేయించుకోవాలి. రెండు డయాలసిస్‌ల మధ్య తాగిన నీళ్లు చాలావరకు ఒంట్లోనే నిలిచిపోతాయి కాబట్టి, రోగి మండుటెండలోనూ గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాల్సి వస్తుంది.