వేసవిలో పెట్రోలు జీపు ఎందుకు ఆగుతుంది?

జగ్గయ్యపేట, నందిగామలు మొదలుకొని మైలవరం, రెడ్డిగూడెముల వరకు వ్యాపించిన కృష్ణా మెట్టప్రాంతం 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినా ఎండలు మారలేదు. మామిడికాయ కోతకు వచ్చేదీ, ఎండ ముదిరేదీ ఒకే కాలంలో. ఆ రోజులలో ఇంకా పాత పెట్రోలు జీపును నమ్ముకొన్నవారికి ఒక చిక్కు తప్పదు. తోటలోకి పోయేటప్పుడు బండి చక్కగా నడుస్తుంది. కాయ ఎక్కించడానికి పావుగంట ఆపి, తిరిగి బయలుదేరితే నాలుగు ఫర్లాంగులైనా పోకముందే తడబడి ఆగిపోతుంది. టాంకిలో పెట్రోలు ఉన్నది, బాటరీ బాగున్నది, అయినా ఇంజను పలకదు. చల్లబడిన తరువాత ఏమీ ఎరుగనట్లు కదులుతుంది. దీనినే వేపర్ లాక్ అంటారు. అనగా, పెట్రోలు నడిచే దారిలో ఆవిరి అడ్డుపడటం.

ద్రవం మరగడం వేడిమి ఒక్కదానిమీదనే ఆధారపడదు. దానిపై ఉండే ఒత్తిడిమీద కూడా ఆధారపడుతుంది. ప్రెషర్ కుక్కరులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీలు దాటినా మరగక, సుమారు 120 డిగ్రీల వరకు పోతుంది. ఎవరెస్టు శిఖరంమీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి 70 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతుంది. పెట్రోలు అనేక ద్రవాల మిశ్రమం. అందులో తేలికైన భాగాలు సుమారు 35 డిగ్రీలకే ఆవిరి కావడం మొదలవుతుంది. బరువైన భాగాలకు 200 డిగ్రీల వరకు కావాలి. మన వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులు అనేకం. ఇక ఇంజను మూత కింది సంగతి చెప్పనక్కరలేదు.

జీపు నిర్మాణం చూస్తే తక్కిన కారణం బోధపడుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో పేరుపొందిన విల్లీస్ జీపులో పెట్రోలు టాంకి డ్రైవరు సీటు కింద ఉండేది. దానినుంచి పెట్రోలును లాగే పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. కామ్‌షాఫ్టు తిరిగినప్పుడల్లా పంపులోని పలుచని పొర పైకీ కిందికీ ఆడి, ఒకవైపు పీల్చి, మరొకవైపు నెడుతుంది. పీల్చేవైపు గొట్టంలో ఒత్తిడి బయటి గాలికంటె తక్కువ. అంటే వేడి ఇంజను పక్కనే, ఒత్తిడి తగ్గిన చోట పెట్రోలు ఉన్నదన్నమాట. మరగడానికి ఇంతకంటె అనువైన స్థలం వేరే లేదు. ఒకసారి ఆవిరి నిండితే పంపు నిస్సహాయమవుతుంది. ద్రవం నొక్కితే ముందుకు సాగుతుంది. ఆవిరి నొక్కితే కుంచించుకొని, వదిలితే మళ్ళీ వ్యాపిస్తుంది. పొర ఆడుతూనే ఉంటుంది, కార్బురేటరుకు మాత్రం పెట్రోలు చేరదు.

మరి నడుస్తున్నప్పుడు కాక, ఆపిన తరువాతనే ఈ బాధ ఎక్కువ కావడమేమి? ఇంజను ఆగగానే ఫాను విసరదు, రేడియేటరు నీరు తిరగదు, చల్లని పెట్రోలు గొట్టంలోకి రాదు. పొగగొట్టపు మొదట పేరుకొన్న వేడి అంతా పంపుకూ, కార్బురేటరుకూ పాకుతుంది. బరువు లాగుతూ తక్కువ గేరులో మెల్లగా పోయినప్పుడు కూడా ఇదే స్థితి.

దారిలో ఆగినప్పుడు ముందు కారణం నిర్ధారణ చేసుకోవాలి. వేడెక్కి చెడిన ఇగ్నిషన్ కాయిల్ కూడా ఇదే విధంగా ఆపి, చల్లబడితే నడిపిస్తుంది. కాబట్టి స్పార్కు ఉన్నదో లేదో చూడాలి. పంపుకు గాజుగిన్నె ఉంటే అందులో బుడగలుగాని, ఖాళీగాని కనిపిస్తుంది. టాంకి మూత విప్పినప్పుడు గాలి బుస్సుమని లోపలికి పోతే, మూతకున్న సన్నని రంధ్రం పూడిందని అర్థం. అది శుభ్రం చేస్తేనే సగం బాధ తీరవచ్చు.

ఆవిరి పట్టినదని తేలితే బానెట్టు ఎత్తి, నీడన ఆగి, తడిగుడ్డను పంపుపైనా, పెట్రోలు గొట్టంపైనా చుట్టాలి. పాత డ్రైవర్ల ఈ ఉపాయం శాస్త్రసమ్మతమే. గుడ్డలోని నీరు ఆరుతూ వేడిని తీసుకొనిపోతుంది. అయితే ఎర్రగా కాగిన పొగగొట్టంమీద చన్నీళ్ళు పోయరాదు, పోతఇనుము పగులుతుంది. వేడి ఇంజనుపై గొట్టం విప్పడం, కార్బురేటరు నోట్లో పెట్రోలు పోయడం, దగ్గర బీడీ వెలిగించడం ప్రాణాంతకాలు. ఆలస్యమైతే కాయ ధర తగ్గవచ్చు; నిప్పంటుకొంటే బండీ, మనిషీ దక్కరు.

శాశ్వత చికిత్సకు సూత్రం ఒక్కటే: వేడి తగ్గించడం, ఒత్తిడి పెంచడం. గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా మళ్ళించి, వేడి దగ్గర గాజునార తొడుగు వేయాలి. కార్బురేటరు కింద వేడి పాకనివ్వని మందపాటి దిమ్మె ఉంచాలి. రేడియేటరు పూడికా, ఇగ్నిషన్ టైమింగు ఆలస్యమూ సరిచేయాలి. పంపునుంచి టాంకికి ఒక సన్నని తిరుగుగొట్టం ఏర్పరిస్తే ఆవిరి వెనుకకు పోతుంది, చల్లని పెట్రోలు నిత్యం తిరుగుతుంది. అన్నిటికంటె గట్టి ఉపాయం టాంకి దగ్గర విద్యుత్తు పంపు. అది పీల్చడానికి బదులు నెడుతుంది. గొట్టమంతా ఒత్తిడితో ఉంటుంది. ఎత్తున ఎగిరే విమానాల టాంకులలో అదనపు పంపులు ఉంచడం ఈ సూత్రం మీదనే. అయితే కార్బురేటరుకు తగినంత తక్కువ ఒత్తిడి పంపునే ఎన్నుకోవాలి. ఇంజను ఆగగానే తానూ ఆగే స్విచ్చి తప్పనిసరి.

ఇప్పటి పెట్రోలు విషయమొకటి గమనించాలి. 2023 నుంచి దేశంలో 20 శాతం ఎథనాలు కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చినది. ఎథనాలు విడిగా 78 డిగ్రీలకు మరుగుతుంది; అయినా పెట్రోలుతో కలిసినప్పుడు తేలికభాగాలను త్వరగా ఆవిరిచేస్తుంది. పైగా పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. కనుక పాత జీపులో పంపు పొర, రబ్బరు గొట్టాలు ఎథనాలుకు తట్టుకొనేవి వేయించుకొనడం క్షేమం.

డీజిలు మరగడానికి సుమారు 180 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి కాబట్టి డీజిలు జీపులకు ఈ బాధ లేదు. పెట్రోలు జీపు నిలిచిపోయినప్పుడు పంపు మార్చడానికో, కార్బురేటరు విప్పడానికో తొందరపడనవసరం లేదు. అది చెడిపోయిన యంత్రం కాదు, దాహం తీరని యంత్రం. అరగంట నీడ, ఒక తడిగుడ్డ, ఇంటికి చేరిన తరువాత గొట్టం దారి మళ్ళింపు, ఈ మూడింటితో చాలాసార్లు పని తీరుతుంది.