త్సుబాల ప్రామాణికత నిర్ధారణ

త్సుబా అనగా జపాను కత్తులలో అలుగుకు, పిడికి మధ్య అమర్చు లోహపు బిళ్ళ. పిడిని పట్టిన చేయి అలుగుపైకి జారకుండ ఇది ఆపును. కత్తి తూగును సరిచేయును. కటానా అను పొడవైన కత్తికి అమర్చు త్సుబా సాధారణముగా 7 నుండి 8 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. వకిజాషి అను పొట్టి కత్తి త్సుబా ఇంతకంటె చిన్నది. పిడిని ఊడదీసినచో త్సుబాను కత్తినుండి వేరుచేయవచ్చును. 1876లో మెయిజీ ప్రభుత్వము సామాన్యముగా కత్తులు ధరించుటను నిషేధించిన తరువాత, విడి త్సుబాలు అనేకము ఐరోపా, అమెరికాలలోని సేకర్తలకు చేరినవి. గిరాకీతో పాటు నకిలీలును పెరిగినవి.

త్సుబాను "అసలైనది" అనుటలో మూడు వేరువేరు ప్రశ్నలు కలవు.
* అది నిజముగా పాతదేనా?
* కత్తికి అమర్చుటకు చేసినదేనా?
* దానిపైనున్న పేరు నిజముగా ఆ పనివానిదేనా?

ఒకదానికి లభించిన సమాధానము మరొకదానికి చెల్లదు. ఏ ఒక్క గుర్తునుబట్టియు తీర్పు చెప్పరాదు.

నిర్మాణము

త్సుబా మధ్యలో అలుగు తోక దూరుటకు ఒకవైపు సన్నగిల్లిన రంధ్రము ఉండును. దీనిని నకగో-అన అందురు. దాని చుట్టునున్న కోలాకారపు చదును భాగము సెప్పా-దై. కొన్నింటికి ప్రక్కలందు చిన్న కత్తి, తల దువ్వుకొను పుల్ల దూరుటకు మరి రెండు రంధ్రములు ఉండును. ఇనుము, రాగి, ఇత్తడి మాత్రమే కాక, రాగిలో కొద్దిగా బంగారము కలిపిన షకుదో, వెండి కలిపిన షిబుఇచి అను మిశ్రలోహములు కూడ వాడబడినవి.

పోత, చేతిపని

పాత ఇనుప త్సుబాలను సాధారణముగా ఇనుమును కాచి, సమ్మెటతో సాగగొట్టి చేసెడివారు. సుకాషి అను చిల్లుల నగిషీని రంపముతో కోసి, ఆకురాయితో రాచెడివారు. అందువలన చిల్లుల లోపలి గోడలు తీరుగాను, అంచులు స్ఫుటముగాను ఉండును. చౌక నకిలీలను అచ్చులో పోతపోయుదురు. వీటి అంచు చుట్టును, చిల్లుల లోపలను అచ్చు అతుకు గీత కనిపించవచ్చును. గాలిబుడగల వలన సన్నని గుంటలు ఏర్పడును. నగిషీ మొద్దుబారి ఉండును. అయితే రాగి మిశ్రమముతో పోతపోసిన ప్రాచీన త్సుబాలును ఉన్నవి గనుక ఈ పరీక్ష ముఖ్యముగా ఇనుప వాటికే వర్తించును.

రంగు, తుప్పు

పాత ఇనుముపై దశాబ్దముల తరబడి ఏర్పడిన పొర నలుపు లేదా ముదురు గోధుమ రంగులో గట్టిగా, నునుపుగా ఉండును. ఆమ్లముతో తొందరగా పుట్టించిన తుప్పు ఎర్రగా, పొడిగా ఉండి వ్రేలికి అంటును. కాని సరిగా భద్రపరచని అసలు త్సుబాకు కూడ ఎర్రతుప్పు పట్టును.

వాడుక గుర్తులు

కత్తికి అమర్చిన త్సుబాలో నకగో-అన చుట్టు ఉలిదెబ్బలు, బిగింపునకు చేర్చిన రాగి ముక్కలు, సెప్పా-దైపై ఒరపిడి జాడలు కనిపించును. ఇవి అనుకూల సాక్ష్యములే గాని రుజువులు కావు. వీటిని కల్పించుట కష్టము కాదు. కానుకగా చేయబడి, ఎన్నడును కత్తికెక్కని అసలు త్సుబాలును కలవు.

సంతకము

పనివాని పేరును మెయి అందురు. ఉలితో చెక్కిన గీతలు లోతుగా, పదునుగా ఉండును. పోతలో వచ్చినవి అంచులు కరిగినట్లుండును. అబద్ధపు సంతకమును గిమెయి అందురు. నోబుఇయె, కనెఇయె వంటి ప్రసిద్ధుల పేర్లు అనేక త్సుబాలపై తరువాతి వారిచే చెక్కబడినవి. ఇట్టివి పాతవే కావచ్చును, మంచి పనితనము కలవే కావచ్చును; పేరు మాత్రము వారిది కాదు. సంతకము లేకపోవుట దోషము కాదు. పాత త్సుబాలలో పెక్కింటికి సంతకము లేదు.

ధ్రువపత్రములు

1948లో జపానులో ఏర్పడిన నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకై త్సుబాలను పరీక్షించి హోజోన్, తోకుబెత్సు హోజోన్, జుయో మొదలగు శ్రేణులలో పత్రములు ఇచ్చుచున్నది. పత్రముపైనున్న ఛాయాచిత్రముతోను, కొలతలతోను త్సుబాను పోల్చిచూడవలెను. ఒక త్సుబాకు ఇచ్చిన పత్రమును మరొకదానికి జతచేసి అమ్ము అవకాశము కలదు.

శుభ్రపరచుటలో జాగ్రత్త

త్సుబాకు అధిక నష్టము కలిగించునది తొందరపాటు శుభ్రత. ఇనుప కుంచెతోనో, ఆమ్లముతోనో తోమినచో తుప్పుతో పాటు పాత పొరయు పోవును. షకుదోకు ఆ నీలి నలుపు రంగు పూత వలన వచ్చినది కాదు. రసాయన ద్రావణములో ఉడికించుటచే వచ్చినది. మెరుగు పెట్టినచో అది చెరిగిపోవును. అప్పుడు అందము మాత్రమే కాక, వయసును తెలుపు సాక్ష్యము కూడ నశించును. అటుపై అసలు త్సుబాను కూడ నకిలీ నుండి వేరుచేయుట కష్టమగును. కావున నిర్ధారణకు ముందు మెత్తని గుడ్డతో దుమ్ము తుడుచుట మినహా మరేమియు చేయకుండుట ఉత్తమము.