రుద్దే గింజ - లేచే దుమ్ము

స్టీలు గిన్నెను ఇసుకతో తోమితే గీతలు పడతాయి. కొబ్బరి పీచుతో తోమితే పడవు. కానీ మాడిన ఇనుప మూకుడు పీచుకు లొంగదు. గిన్నెను బట్టి తోమే వస్తువు. ఈ సంగతి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఫ్యాక్టరీల్లోనూ ఇంతే. పాత రంగు, తుప్పు పోతేనే కొత్త రంగు పట్టుకుంటుంది. అందుకు గాలి యంత్రంతో గట్టి గింజలను జోరుగా కొడతారు. దీన్ని బ్లాస్టింగ్ అంటారు.

ఇసుక ఎందుకు వద్దు?

ఇసుక గింజ పగిలి, కంటికి కనపడని దుమ్ము అవుతుంది. అందులో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ జబ్బు వస్తుంది. బ్రిటన్‌లో 1949లోనే పోత సామాన్ల మీద ఇసుక కొట్టడం ఆపించారు.

ప్లాస్టిక్ గింజ ఎక్కడ పనికొస్తుంది?

గట్టిదనానికి అంకెల లెక్క ఉంది. అంకె పెరిగితే గట్టిదనం పెరుగుతుంది. ఇసుక 7. ప్లాస్టిక్ గింజలు 3 నుంచి 4. పాలిస్టర్ గింజ మెత్తన, యూరియా గింజ మధ్యరకం, మెలమిన్ గింజ గట్టి. ఇవి రంగును ఊడగొడతాయి. కింది పలుచని రేకు పాడుకాదు. విమానాల పాత రంగు తీయడానికి వీటిని వాడతారు. మందపాటి ఇనుము తుప్పుకు ఇవి చాలవు. దానికి ఉక్కు గింజలు కావాలి. ప్లాస్టిక్ గింజలో సిలికా లేదు. అయినా ఊడిన పాత రంగు దుమ్ములో సీసం ఉండవచ్చు. జాగ్రత్త తప్పదు.

పలకల పనిలో ఏం చేయాలి?

మార్కాపురం పలకలకు పేరు. ఆ పలకరాయిలోనే సిలికా ఉంది. దేంతో రుద్దినా, ఏ రంపంతో కోసినా రాతి దుమ్ము లేస్తుంది. ఇక్కడ రుద్దే వస్తువు మారిస్తే చాలదు. దుమ్మునే లేవనీయకూడదు.

* రంపం దగ్గర నీళ్లు పడుతుండాలి.
* దుమ్మును లాగే గొట్టం పెట్టించాలి.
* పొడి చీపురుతో ఊడవకూడదు. తడిపి ఎత్తాలి.
* పైట చెంగు సన్న దుమ్మును ఆపదు. ఎన్-95 మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోవాలి.
* పనిబట్టలతో పసిబిడ్డను ఎత్తుకోకూడదు.

సిలికోసిస్ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. దగ్గు, ఆయాసం వస్తాయి. క్షయ కూడా తొందరగా పట్టుకుంటుంది. పాడైన ఊపిరితిత్తిని బాగుచేసే మందు లేదు. అందుకే ముందు జాగ్రత్తే మందు.

1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని పనివల్ల వచ్చే జబ్బుగా లెక్కించింది. 2020లో చేసిన కార్మిక చట్టాల్లోనూ ఇది ఉంది. పనివల్లే వచ్చిందని తేలితే నష్టపరిహారం అడగవచ్చు.

దగ్గు తగ్గకపోతే డాక్టరుకు జబ్బు ఒక్కటే చెబితే చాలదు. ఏం పని చేస్తున్నారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో కూడా చెప్పాలి. ఆ మాట చీటీలో రాయించుకోవాలి. రాసింది చదివి చూసుకోవాలి.