పగిలిన పళ్లెం చెప్పే మాట

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే మా మనవరాలు పాత న్యూస్‌పేపర్‌లో ఏదో చుట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చింది. రాత్రి సరిగ్గా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలిసింది. పొట్లం విప్పింది. టిఫిన్ ప్లేటంత గాజు పలక, మధ్యలోంచి రెండు ముక్కలు.

"పగిలిపోయింది తాతా. రాత్రంతా ఆగి తలుపు తీస్తే ఇట్లుంది."

వంటింట్లోంచి వాళ్ల నానమ్మ, "పగిలింది అనొద్దమ్మా, పెరిగింది అనాలె" అంది. చేతి గాజు చిట్లినప్పుడు మా ఇంట్లో అనే మాట అది. మన భాషలో గాజు అంటే కిటికీకి ఉండేదీ, చేతికి ఉండేదీ కూడా కదా!

మలక్‌పేటలో మా ఇంటి వెనక వరండాలో ఓ చిన్న కరెంటు బట్టీ ఉంది. మా మనవరాలు గాజు కళ నేర్చుకుంటోంది. ముక్కలు పక్కపక్కన, ఒకదానిమీద ఒకటి పేర్చి బట్టీలో కాచి అతికించడం మొదటి పని. అలా అతికిన పలకను అచ్చు మీద పెట్టి మళ్లీ కాచి, మెత్తబడి గిన్నెలా కుంగేలా చేయడం రెండో పని. ఈసారి అద్దాల షాపు నుంచి 3 మిల్లీమీటర్ల కిటికీ అద్దం తునకలు తెచ్చుకుంది. రెండు పొరలు పేర్చింది. పైన నానమ్మ దాచుకున్న లాడ్ బజార్ గాజుల ముక్కలు, ఎరుపూ ఆకుపచ్చా, పువ్వులా అమర్చింది. పలక చక్కగానే కరిగి అతుక్కుంది. చల్లారాక చూస్తే రెండయింది.

చెత్తబుట్ట వైపు నడవబోతుంటే ఆపాను. "ఆగు బిడ్డా. పగిలిన గాజును చదవకుండా పారేయకూడదు. ఎప్పుడు పగిలిందో, ఎందుకు పగిలిందో అదే చెప్తుంది."

భూతద్దం ఇచ్చాను. పగిలిన అంచును చూడమన్నాను, వేలు మాత్రం పెట్టొద్దన్నాను. బట్టీ పెట్టినవాళ్లు ముందు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. అంచు గుండ్రంగా, సబ్బు అరిగినట్టు నున్నగా ఉంటే గాజు వేడెక్కేటప్పుడే పగిలిందని అర్థం. పగిలాక ఇంకా వేడి ఎక్కింది కాబట్టి ఆ పదును కరిగి మొద్దుబారింది. అంటే వేడి మరీ తొందరగా పెంచాం. అంచు కత్తిలా పదునుగా ఉంటే చల్లారేటప్పుడో, ఆ తర్వాతో పగిలింది. ఆ తర్వాత కరిగే అవకాశమే దానికి రాలేదు.

"కత్తిలా ఉంది తాతా."

"సరే, సగం దొరికింది. ఇప్పుడు గీత ఎటు పోయిందో చూడు."

గీత కొక్కెంలా, పాము మెలికలా పలకంతా వంపు తిరిగితే చల్లార్చడంలో తొందరపడ్డామని అనుమానించాలి. రంగు ముక్కల అంచు వెంబడే నడిస్తే మాత్రం ఆ రెండు గాజులకూ పొత్తు కుదరలేదన్నమాట. ఇక్కడ గీత ఓ ఎర్ర గాజు ముక్క చుట్టూ తిరిగి, ఆకుపచ్చ ముక్క అంచు పట్టుకుని, అక్కణ్నుంచి బయటికి పోయింది. దొంగ అడుగుజాడలు వదిలి వెళ్లినట్టే ఉంది.

పొత్తు కుదరకపోవడం అంటే ఏమిటో చెప్పాలంటే మన ఇరానీ హోటల్ చాయ్ దగ్గరికి పోవాలి. చల్లటి మందపాటి గాజు గ్లాసులో సలసల కాగే చాయ్ పోస్తే అడుగు టప్పున విరుగుతుంది. లోపలివైపు వేడెక్కి వ్యాకోచించాలని చూస్తుంది, బయటివైపుకు ఇంకా వేడి అందలేదు. ఒకటి సాగాలంటుంది, ఇంకొకటి కదలనంటుంది. గాజులో వేడి చాలా నెమ్మదిగా నడుస్తుంది. అందుకే పల్చటి గ్లాసు బతికి మందపాటిది విరుగుతుంది. మా అమ్మ వేడి పాలు పోసేముందు గ్లాసులో ఓ లోహపు చెంచా వేసేది. కొంత వేడిని ఆ చెంచా లాక్కునేది.

బట్టీలోనూ జరిగేది ఇదే, కాకపోతే లెక్క ఇంకా పెద్దది. కిటికీ అద్దం ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని పొడవులో పది లక్షల భాగాల్లో తొమ్మిది వంతుల దాకా పెరుగుతుంది. మరీ చిన్న సంఖ్యే. కానీ 30 సెంటీమీటర్ల పలక 500 డిగ్రీలు చల్లారితే ఒకటిన్నర మిల్లీమీటరుకు కొంచెం తక్కువగా కుంచించుకుపోతుంది. ఇప్పుడు దాని మీద అతికిన ఇంకో గాజు పది లక్షల్లో తొమ్మిదిన్నర వంతులు కుంచించుకుపోయేదనుకో. తేడా ఓ కాగితం మందమంత కూడా ఉండదు. ఆ కాగితమంత తేడా చాలు, అతుకు దగ్గర గాజు తనను తాను లాక్కుంటూ ఉండిపోవడానికి. అది ఈ రోజే పగలొచ్చు, నెల తర్వాత బల్ల మీద ఊరికే కూర్చుని ఉండగానూ పగలొచ్చు.

గాజులో ఇసుకతో పాటు సోడా, సున్నం కలుస్తాయి. సోడా పాలు పెంచితే తక్కువ వేడికే కరుగుతుంది, కానీ వ్యాకోచం ఎక్కువవుతుంది. ఒక్కో కార్ఖానా కలిపే పాళ్లు ఒక్కో రకం. చేతి గాజుల గాజూ కిటికీ గాజూ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా వేడికి సాగే తీరు వేరు. అందుకే కళాకారుల కోసం గాజు తయారుచేసే కంపెనీలు వ్యాకోచ గుణకాన్ని 90 అనీ, 96 అనీ చెప్పి అమ్ముతాయి. ఆ రెంటినీ కలపకూడదు. మనలా కిటికీ అద్దం వాడేవాళ్లు ఒకే షీటు నుంచి కోసిన ముక్కలనే కలపడం మంచిది.

"మరి ముందే తెలుసుకునేదెట్ల తాతా?"

దానికి ఇంట్లోనే పరికరం ఉంది. మనవరాలి లాప్‌టాప్ తెప్పించి తెర నిండా తెల్లరంగు పెట్టించాను. ఆ తెరలోంచి వచ్చే కాంతి ధ్రువణం చెందినది, అంటే దాని కంపనాలన్నీ ఒకే తలంలో ఉంటాయి. వాళ్ల నాన్న పోలరైజ్డ్ కళ్లద్దాలు తెర ముందు మెల్లగా తిప్పమన్నాను. ఓ కోణంలో తెర నల్లబడింది. ఇప్పుడు తెరకూ కళ్లద్దాలకూ మధ్య గాజు ముక్క పెట్టాలి. లోపల ఏ లాగుడూ లేకపోతే నల్లగానే ఉంటుంది. ఒత్తిడి ఉన్నచోట మాత్రం కాంతి ధ్రువణం మారి, వెలుగు బయటపడుతుంది. 1815లో స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ బ్రూస్టర్ కనిపెట్టిన సంగతి ఇది. కారు వెనకద్దం మీద పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయే, అవీ అలాంటి ఒత్తిడి గుర్తులే. గట్టిదనం కోసం ఆ అద్దంలోకి కావాలనే ఒత్తిడి ఎక్కిస్తారు. అందుకే అలాంటి అద్దాన్ని కోసే ప్రయత్నం చేయకూడదు, ఒక్కసారిగా పొడి పొడి అవుతుంది.

పగిలిన పళ్లెం ముక్కను తెర ముందు పెట్టింది. నల్లటి తెర మీద ఒక్కో గాజు ముక్క చుట్టూ దీపం చుట్టూ ఉండే వెలుగులా తెల్లటి వలయం. పిల్ల నోట మాట రాలేదు. కంటికి కనబడని తగాదా అలా కనబడింది.

తప్పు దొరికింది కదా అని అక్కడితో ఆగలేదు. చల్లార్చడం కూడా చూశాం. పలకలో వేడి సమానంగా సర్దుకోవడానికి సుమారు 550 డిగ్రీల దగ్గర కొంతసేపు ఆపాలి. ఆ తర్వాత 400 డిగ్రీల లోపుకు వచ్చేదాకా మెల్లగా దించాలి. బళ్లో మంద శీతలీకరణం అని చదివినదే ఇది. 6 మిల్లీమీటర్ల పలకకు గంట ఆపి, ఆపైన గంటకు 60, 70 డిగ్రీల చొప్పున దించితే నింపాదిగా ఉంటుంది. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలు పట్టాలి. ఈ సూత్రానికి పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది. పాలోమార్ కొండ మీది 200 అంగుళాల దూరదర్శిని అద్దం కోసం కార్నింగ్ కంపెనీ 1934లో గాజు పోసింది. మార్చిలో పోసినప్పుడు అచ్చులోని దిమ్మెలు విడిపోయి కరిగిన గాజు మీద తేలాయి, పని చెడింది. డిసెంబరులో మళ్లీ పోసి, దాదాపు పది నెలలు చల్లార్చారు. మధ్యలో 1935లో వరదొచ్చి కరెంటు పోయినా పలక నిలిచింది. ఐదు మీటర్ల పలకకు పది నెలలు ఓపిక పట్టినవాళ్లున్నప్పుడు, మనం ఓ రాత్రి ఆగలేమా? 100 డిగ్రీలకు దిగకముందే బట్టీ తలుపు సందు తీసి చూడాలనిపించడం సహజమే, కానీ ఆ చల్లగాలి చాయ్ గ్లాసు కథనే తిరగేసి చెప్తుంది.

మనవరాలి నోటుబుక్కులో ఇంకో కష్టం రాసుంది: పలక మీద అక్కడక్కడా పాలమీగడలా తెల్లటి పొర. గాజు పైపొరలో స్ఫటికాలు పుట్టడమే అది. 700 నుంచి 800 డిగ్రీల మధ్య ఎక్కువసేపు తచ్చాడితే, పైన దుమ్మో వేలిముద్రల జిడ్డో ఉంటే, స్ఫటికాలకు కాలూనే చోటు దొరుకుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది. బట్టీ ఆ మెట్టు ఎక్కడానికి ఆపసోపాలు పడుతుంది, అప్పుడే ఈ పొర ఎక్కువ వస్తోందని తారీఖులు చూస్తే తేలింది. మందు ఏమిటంటే గాజును సబ్బునీళ్లతో కడిగి, నూలు పోగులు వదలని గుడ్డతో తుడవడం, చేతికి గ్లవ్స్ వేసుకోవడం, వోల్టేజీ నిలకడగా ఉండే రాత్రి వేళ కాచడం.

బుడగలు ఇంకో తంటా. రెండు పొరల మధ్య చిక్కుకున్న గాలి అది. పూర్తిగా కరగడానికి ముందు, 650 డిగ్రీల చుట్టుపక్కల అరగంట ఆపితే పైపలక మెల్లగా వాలి గాలిని అంచుల వైపు తోసేస్తుంది. ఇక కరిగిన గాజు తనంతట తాను ఆరేడు మిల్లీమీటర్ల మందానికే సర్దుకుంటుంది. నీటిబొట్టు గుండ్రంగా నిలిచే తలతన్యత ఇక్కడా పనిచేస్తుంది. ఒకే 3 మిల్లీమీటర్ల పొర పెడితే అంచులు లోపలికి ముడుచుకుని ముళ్లలా తేలతాయి. అందుకే రెండు పొరలు.

బట్టీ లోపల అంతటా ఒకే వేడి ఉండదు. కంట్రోలర్ అంకె నిజమే, కానీ అది వేడిని కొలిచే థర్మోకపుల్ ఉన్న చోటి వేడి. నాలుగు మూలల్లో నాలుగు జతల ఇటుక ముక్కలు పెట్టి, ఒక్కో జతమీద సన్నటి అద్దం బద్దీ వంతెనలా వేయించాను. కాచాక చూస్తే తలుపు దగ్గరి బద్దీ కొద్దిగా వంగింది, వెనక మూలది పూర్తిగా కుంగింది. పలక ఎప్పుడూ ఒకవైపే ఎందుకు కుంగుతోందో పిల్లకు అప్పుడు అర్థమైంది. అచ్చు కింద మేస్త్రీల రసమట్టం కూడా పెట్టి చూసుకోమన్నాను. అచ్చు వాలుగా ఉంటే గాజు జారిపోతుంది, అడుగున గాలి పోయే చిల్లు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది.

అచ్చు ఏది, గాజు దాని లోపలా పైనా అన్నది కూడా లెక్కే. మట్టి అచ్చు గాజు కంటే తక్కువ కుంచించుకుంటుంది. గుంటగా ఉన్న మట్టి అచ్చులోకి గాజు కుంగితే చల్లారాక ఇట్టే బయటికొస్తుంది. బోర్లించిన మట్టి కుండీ మీద గాజును వాల్చామా, చల్లారుతూ కుండీని బిగించి పట్టుకుని తనే పగులుతుంది, వాచిన చేతికి గాజు బిగుసుకున్నట్టు. బోర్లించి వాల్చాలంటే స్టీలు గిన్నె మేలు. స్టీలు గాజు కంటే ఎక్కువ కుంచించుకుని తప్పుకుంటుంది.

ఏ అచ్చుకైనా, పలకకైనా గాజు అంటకుండా అల్యూమినా, చీనామట్టి కలిపిన తెల్లపూత వేస్తారు. ఆ పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. గాజు అంటకుండా పూత వేసే ఈ ఉపాయం కొత్తదేం కాదు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసే కుటుంబాలున్నాయి. కరిగిన గాజును లాడ అనే పొడవాటి ఇనుప గొట్టం సాయంతో సన్నటి బోలు కడ్డీగా లాగి, ముక్కలు కోసి, అంచులు నునుపు కావడానికి బూడిదలో కలిపి మళ్లీ కాచేవారు. బూడిద వల్ల పూసలు ఒకదానికొకటి అంటవు, బెజ్జాలు మూసుకుపోవు. ఈ లాగే పద్ధతిలో చేసిన పూసలు దక్షిణ భారతం నుంచి రెండు వేల ఏళ్ల కిందటే సముద్రాలు దాటి ఆగ్నేయాసియా దాకా పోయాయి. మనవరాలు వాడే తెల్లపూత ఆ బూడిదకు మనవరాలే.

ఇంత చెప్పాక ఓ షరతు పెట్టాను. ప్రతిసారీ ఒక్కటే మార్చాలి. గాజూ, వేడీ, సమయమూ కలిపి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. బుక్కులో తారీఖు, గాజు మందం, ఎక్కే వేగం, ఆపిన సమయం, దిగిన వేగం రాయాలి. పగిలిన ముక్కకూ ఓ చీటీ కట్టాలి.

పోయిన ఆదివారం కొత్త పళ్లెం దించింది. ఈసారి ఒకే షీటు నుంచి కోసిన తునకలు, మిగతా అంతా పాత లెక్కే. లాప్‌టాప్ తెర నల్లబడేలా కళ్లద్దాలు తిప్పి మధ్యలో పళ్లెం పెట్టింది. నేనూ ఊపిరి బిగపట్టాను. ఎక్కడా వెలుగు లేదు. మూల నుంచి మూల దాకా చీకటి. అంత చీకటిని చూసి అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు నాకు.

నానమ్మ గాజుల ముక్కలు మిగిలే ఉన్నాయి. లాడ్ బజార్‌లో బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి రాళ్లు పొదిగే పనివాళ్లను చూసొచ్చి, ఆ ముక్కల్ని పళ్లెం అంచుకు లక్కతోనే అద్దింది. లక్క కొంచెం వేడికే మెత్తబడుతుంది, గాజును లాగి పట్టదు. అందుకని వేడి వంటకాలు దాంట్లో పెట్టరాదని కూడా చీటీ మీద రాసింది. ఇప్పుడు ఆ పళ్లెంలో నానమ్మ పూజకు మల్లెపూలు పెడుతోంది. రెండు ముక్కలైన పాత పళ్లెం పక్క అరలో, తన చీటీతో సహా, అలాగే ఉంది.