ఓడెక్కిన గొర్రెకి గాలి ఆడుతోందా? ఎలా తెలుస్తుంది?

బక్రీద్ వస్తుందంటే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఖుర్బానీ జంతువు గురించి ధర, వయసు, ఆరోగ్యం అడుగుతారు. అది సముద్రం మీద ఎలా వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ.

2017 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుంచి 'అవాసి ఎక్స్‌ప్రెస్' ఓడ సుమారు 63,800 గొర్రెలతో గల్ఫ్‌కి వెళ్లింది. దారిలో దాదాపు 2,400 చనిపోయాయి. అసలు కారణం ఎండ కాదు, ఉక్కపోత.

తడి బల్బు లెక్క

గొర్రె మనలా చెమటతో చల్లబడదు. ఎక్కువగా రొప్పుతూ, ఊపిరిలోని తేమతో వేడిని బయటికి పంపుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. విజయవాడ ఉక్కపోత తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఓడల్లో మామూలు ఉష్ణోగ్రత చూస్తే చాలదు. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టినప్పుడు వచ్చే 'తడి బల్బు ఉష్ణోగ్రత' చూడాలి. వేడి, తేమ రెండూ అందులో తెలుస్తాయి.

ఇంకో చిక్కుంది. జూన్, జులైలో ఆస్ట్రేలియాలో చలికాలం. చలికి అలవాటుపడ్డ గొర్రె రెండు మూడు వారాల్లోనే గల్ఫ్ మండువేసవిలో దిగుతుంది.

ఫ్యాన్లున్నాయి కదా?

ఉన్నాయి. కానీ అవి ఏసీలు కావు, బయటి గాలినే లోపలికి తోస్తాయి. బయటే ఉక్కగా ఉంటే లోపల అంతకంటే చల్లబడదు. వేల జంతువుల ఒంటి వేడి దానికి తోడవుతుంది. ఓడ రేవులో ఆగితే పై డెక్‌లకి తగిలే సముద్రపు గాలి కూడా తగ్గిపోతుంది. కాబట్టి కెప్టెన్ గదిలో ఒక మీటరు పెట్టుకుంటే లాభం లేదు. ప్రతి డెక్‌లో, గొర్రెలున్న చోటే, వాటి తల ఎత్తులో కొలవాలి. ఇంజను గది పక్క దొడ్లు మరీ ముఖ్యం.

కళ్లు మండించే వాయువు

పేడ, మూత్రం కలిసి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. కళ్లు, ఊపిరితిత్తులు మండుతాయి. పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు దాటకూడదన్నది ఎక్కువగా వాడే హద్దు. అక్కడ పనిచేసే మనుషులు పీల్చేదీ ఆ గాలే. 2024 ఫిబ్రవరిలో 19,000 పశువులతో బ్రెజిల్ నుంచి ఇరాక్ వెళ్తున్న 'అల్ కువైట్' ఓడ కేప్‌టౌన్‌లో ఆగితే, ఊరంతా కంపు కొట్టింది. లోపల ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

కొలిచి ఏం చేయాలి?

ఇదివరకు ఆస్ట్రేలియాలో చావుల లెక్కే కొలమానం. 2 శాతం గొర్రెలు చనిపోతేనే విచారణ. అంటే నష్టమయ్యాక ఆడిట్ అన్నమాట. అవాసి వీడియోలు 2018లో టీవీలో వచ్చాక దాన్ని 1 శాతానికి తగ్గించారు, మండువేసవి ప్రయాణాలు ఆపారు, ఒక్కో గొర్రెకి ఇచ్చే జాగా పెంచారు. 2028 మే 1 నుంచి గొర్రెల సముద్ర ఎగుమతే ఉండకూడదని 2024లో చట్టం చేశారు.

మిగతా దేశాల ఓడలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నడిసముద్రంలో మీటరు ప్రమాదం చూపించినా చేయగలిగింది కొంచెమే. ఆ అంకెలు అసలు పనికొచ్చేది రేవులోనే: ఈ నెలలో ఎన్ని ఎక్కించాలి, అసలు ఎక్కించాలా వద్దా అని తేల్చడానికి. ఖుర్బానీకి ఆరోగ్యంగా ఉన్న జంతువే కావాలంటాం. ఆ ఆరోగ్యం గురించి అడగడం ఓడ దగ్గరే మొదలుపెట్టాలి.