ఢీకొనకుండానే చేతులు మారే న్యూట్రాన్లు

రెండు పరమాణు కేంద్రకాలు ఎదురెదురుగా వస్తే ఏమవుతుంది? చాలినంత శక్తి ఉంటే కలిసిపోతాయి, లేకుంటే వెనక్కి మళ్ళుతాయి. మూడో దారి కూడా ఉంది. కలవకుండా పక్కపక్కగా వెళ్తూనే ఒకటో రెండో న్యూట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇదే న్యూట్రాన్ బదిలీ చర్య.

కేంద్రకాలు రెండిటికీ ధనావేశమే కాబట్టి దగ్గరయ్యేకొద్దీ వికర్షణ పెరుగుతుంది. బాగా దగ్గరైతే కేంద్రక బలం లాగేసుకుంటుంది. ఈ రెండిటి మధ్య లేచే శక్తి గుట్టే కులూం అవరోధం. ఆవేశం లేని న్యూట్రానుకు ఆ వికర్షణతో పని లేదు. దాన్ని ఆపేది సొంత కేంద్రకమే. చాలా కేంద్రకాల్లో ఒక న్యూట్రాన్‌ను ఊడదీయాలంటే సుమారు 8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంత శక్తి అందకపోయినా, క్వాంటం నియమాల ప్రకారం దాని తరంగం కొస అంచు దాటి బయటికి సాగుతుంది. పొరుగు కేంద్రకం ఆ కొసకు అందితే చాలు, న్యూట్రాన్ ఇల్లు మారిపోవచ్చు.

1956లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో శాస్త్రవేత్తలు రేనాల్డ్స్, జుకర్ నైట్రోజన్ మీదికి నైట్రోజన్ అయాన్లనే పంపారు. న్యూట్రాన్ ఇచ్చినది నైట్రోజన్-13గా, పుచ్చుకున్నది నైట్రోజన్-15గా మారాయి. రెండోది స్థిరమైనది. మొదటిదాని అర్ధాయువు సుమారు 10 నిమిషాలు. దాని రేడియోధార్మికతే బదిలీకి సాక్ష్యం.

కేంద్రకాల మధ్య దూరం ఒక్క ఫెర్మీ పెరిగితే బదిలీ అవకాశం దాదాపు మూడోవంతుకో నాలుగోవంతుకో పడిపోతుంది. ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు! శక్తి తగ్గేకొద్దీ కేంద్రకాలు మరింత దూరం నుంచే వెనక్కి మళ్ళుతాయి కాబట్టి, ఇటలీలోని లెన్యారో ప్రయోగశాలలో తగరం-116 పుంజాన్ని నికెల్-60 మీదికి పంపి, అవరోధానికి బాగా దిగువ శక్తుల దాకా ఈ తగ్గుదలను కొలిచారు. 2014లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ఒక విశేషం ఉంది. రెండు న్యూట్రాన్లు విడివిడిగా దాటితే వచ్చే అంచనా కన్నా, నికెల్-62 ఎక్కువగా తయారైంది. కేంద్రకంలో న్యూట్రాన్లు జంట కట్టి ఉంటాయనడానికి ఇది గట్టి ఆధారం.

ఈ బదిలీ కేంద్రకాల కలయికకూ తోడ్పడుతుంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో సిలికాన్-28 పుంజాన్ని రెండు జిర్కోనియం ఐసోటోపుల మీదికి పంపి చూశారు. జిర్కోనియం-94లో జిర్కోనియం-90 కన్నా నాలుగు న్యూట్రాన్లు ఎక్కువ. వాటిని సిలికానుకు ఇస్తే శక్తి మిగులుతుంది. జిర్కోనియం-90కి ఆ లాభం లేదు. అవరోధానికి దిగువన సిలికాన్ ఎక్కువగా కలిసింది 94తోనే.