ఓరుగల్లును కాచింది మట్టికోటే!

వరంగల్: కాకతీయుల రాజధాని ఓరుగల్లు పేరు చెప్పగానే అందరికీ గుర్తుకొచ్చేది కీర్తి తోరణం. 2014లో అది తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలోకీ ఎక్కింది. కాని ఈ నగరానికి కంచుకోటలా నిలిచిన మట్టికోటను పట్టించుకునేవారే తక్కువ. ఖిలాకు వచ్చే సందర్శకులు చాలామంది దాన్ని మామూలు మట్టికట్ట అనుకొని దాటిపోతుంటారు.

గణపతిదేవుడు (1199-1262) మొదలుపెట్టిన రాతికోటను ఆయన కుమార్తె రుద్రమదేవి 20 అడుగుల ఎత్తుకు పెంచింది. సున్నం వాడకుండా రాయిపై రాయి పేర్చి కట్టిన గోడ అది. లోపలి వైపు నుంచి సైనికులు చకచకా పైకెక్కేందుకు మెట్లున్నాయి. శత్రువులు ఒక్క ఊపున దూసుకు రాకుండా ద్వారాల దారిని వంకర తిప్పారు. రాతికోట ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 1.2 కిలోమీటర్లు. దాని వెలుపల రెట్టింపు వెడల్పున మట్టికోట, దాని చుట్టూ కందకం ఉన్నాయి.

మట్టే కదా అని తీసిపారేయడానికి లేదు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడిని వర్ణించిన కవి అమీర్ ఖుస్రో, ఈ గోడలో ఉక్కు బల్లెం సైతం దిగదని రాశాడు. యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి వచ్చేవట! చివరకు మట్టికోట శత్రువుల వశమయ్యాకే ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు.

తర్వాత ఉలుగ్ ఖాన్ దండెత్తి మొదటిసారి విఫలుడై, 1323లో తిరిగి వచ్చి నెలల తరబడి ముట్టడించి కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన కన్నుమూశాడు. స్వయంభూ దేవాలయం నేలమట్టమైంది. దాని నాలుగు వైపులా ఉన్న తోరణాలు మాత్రం మిగిలాయి. వాటిపై దేవతా విగ్రహాలు లేవు. పూలదండలు, తామర మొగ్గలు, పక్షులే ఉన్నాయి. అందుకే బతికిపోయాయని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

రాతి తోరణం పడితే కనీసం ముక్కలైనా మిగులుతాయి. మట్టికట్టను ఒకసారి తవ్వి చదును చేస్తే ఆనవాలు కూడా దొరకదు. తోరణాలపై చూపుతున్న శ్రద్ధలో కొంతైనా మట్టికోటపై చూపవలసిన అవసరం ఎంతైనా ఉంది. కట్టపై చరిత్ర తెలిపే బోర్డులు పెట్టించి, హద్దురాళ్లు పాతిస్తే, తాము దాటుతున్నది ఏమిటో సందర్శకులకు తెలుస్తుంది.